దేవుని యింట పెద్దపీట ఎవరికి?



మనిషికి గౌరవము పుట్టుకను బట్టియా, పదవిని బట్టియా, ధనమును బట్టియా? ఒకప్పుడు రష్యా సామ్రాజ్యము ఈ ప్రశ్నకు చట్టము ద్వారానే జవాబు చెప్పెను. ఆ దేశము మనకు పరాయిది కాదు. 1889లో అక్కడినుండి వచ్చిన మిషనెరీ అబ్రాహాము ఫ్రీసెన్ గారు నల్లగొండ తెలుగువారి మధ్య సేవ చేసిరి.

1722లో చక్రవర్తి మొదటి పీటరు 'హోదాల పట్టిక' అను శాసనము ప్రకటించెను. సైన్యము, ప్రభుత్వ కొలువు, రాజాస్థానము, వీటిలోని ఉద్యోగములన్నిటిని 14 మెట్లుగా అమర్చెను. గొప్ప వంశములో పుట్టినంత మాత్రాన చాలదు, సేవ చేసినవాడే పైకి రావలెనని అతని తలంపు. సామాన్యుడు సహితము తగిన మెట్టు ఎక్కినయెడల కులీనుడు కాగలిగెను. పుట్టుక అను గోడకు ఒక తలుపు పెట్టినట్లయినది. ఇది మంచిదే.

అయితే ఆ శాసనములోనే మరియొక నియమమున్నది. తన హోదాకు మించిన చోట కూర్చున్నవాడు రెండు నెలల జీతము జరిమానా చెల్లింపవలెను. తనకంటె తక్కువవానికి చోటు విడిచినవానికి కూడ అంతే జరిమానా! స్నేహితులు, ఇరుగుపొరుగువారు కూడుకొన్నప్పుడు ఈ నియమము లేదు. మరి ఎక్కడ? రాజాస్థానపు వేడుకలలో మాత్రమే కాదు, దేవాలయములో ఆరాధనవేళ, పెండ్లిండ్లలో, బాప్తిస్మములలో, భూస్థాపనలలో! పొరుగింట మరచిపోదగిన హోదాను దేవుని యింట తప్పక గుర్తుంచుకొనవలసి వచ్చెను.

ధనము సంగతి వినుడి. భూస్వామి ఆస్తిని అతనికి కట్టుబడిన వెట్టి రైతుల లెక్కతో కొలిచేవారు. మగవారినే లెక్కించి, ఒక్కొక్కనిని ఒక 'ఆత్మ' అనేవారు. 1831 నుండి కులీనుల ఎన్నికలలో నేరుగా ఓటు వేయుటకు సాధారణముగా 100 ఆత్మలు కావలసి యుండెను. 1861లో వెట్టి రద్దగునాటికి ఆ ఆత్మలలో సుమారు మూడింట రెండు వంతులు అప్పులకు తాకట్టులో ఉండిరి. పైకి కనబడిన గొప్పతనము చాలామందికి అప్పుమీదనే నిలిచెను.

ఆ దేశములోనే ప్రభువు వేరొక సాక్ష్యము లేపెను. కర్నల్ వసీలి పాష్కోవ్ మహా ధనవంతుడు. 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వచ్చిన లార్డ్ రాడ్‌స్టాక్ బోధవలన ఆయన మారుమనస్సు పొందెను. ఆయన భవనములోని ప్రార్థన కూటములలో గొప్పింటి స్త్రీలు, పనివారు, బండి తోలువారు ప్రక్కప్రక్కన కూర్చుండిరి. 1884లో ఆయన బాప్తిస్టులను, ఇతర విశ్వాసులను ఒక సభగా సమకూర్చెను. ఆ యేడే ఆయనను దేశమునుండి వెళ్లగొట్టిరి. 1902లో పరదేశముననే ప్రభువునందు నిద్రించెను. హోదాల పట్టిక 1917లో రద్దయినది.

కాగితముమీద రద్దయినది గాని, మన మనస్సులలో? నా తప్పు ఒప్పుకొందును. ఒక పెండ్లి ఆరాధనలో ముందు బల్లమీద కూర్చున్న ముసలి తల్లిని లేపి, ఆలస్యముగా వచ్చిన ఆఫీసరు గారిని కూర్చుండబెట్టితిని. "ఫరవాలేదు నాయనా" అని ఆమె వెనుకకు పోయెను. ఆమె నేను పుట్టకముందునుండి ఆ సంఘములో ఉన్నది. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము ఎన్నోసార్లు బోధించినవాడను, ఆ దినము దానిని నేనే మీరితిని.

అట్లని ఎవరినీ గౌరవింపవద్దనుట లేదు. ఎవరికి గౌరవము చెల్లవలెనో వారికి చెల్లింపుడని పౌలు నేర్పెను. ఆఫీసులో ఆఫీసరును చూచి లేచి నిలుచుట క్రమము. అది పనికి ఇచ్చు గౌరవము. కాని పనికిచ్చిన గౌరవముతో మనిషి వెల కట్టకూడదు. పొట్టకూటికై ఊరు విడిచి వచ్చిన మన పెద్దలు పరాయి చోట గుడి కట్టుకొన్నది కనీసము అక్కడైనను సమానముగా కూర్చుండుటకే గదా! ప్రభురాత్రి భోజనపు రొట్టె ఎవరి జీతమును అడుగదు. ఆత్మలు ప్రభువువి, ఎవరి లెక్కలోనివీ కావు.

వచ్చే ఆదివారము గుడిలో ఎవరికి చోటిచ్చితిమో, ఎవరిని లేపితిమో చూచుకొందము. ప్రభువు మనకట్టి కృప ననుగ్రహించును గాక. ఆమెన్.