అరవై ఒక్క రోజుల ఉపవాసం ఎవరిది?

అనంతపురం–కదిరి రోడ్డు మీది బత్తలపల్లెలో ఆదివారం పొద్దున చేపల పెట్టె ముందు నిలబడేవాళ్లకు సముద్రం గుర్తుకు రాదు. రావాల్సిన పనీ లేదు. తిన్నగా గీత గీసి కొలిచినా బంగాళాఖాతం ఇక్కడికి సుమారు 250 కిలోమీటర్లు. పెట్టెలో ఐసు ముక్కల కింద బొచ్చె, శీలావతి. కత్తి తిరగేసి తోక నుంచి తల వైపు గీకుతుంటే పొలుసులు పట్టా మీద చిల్లరలా రాలతాయి. సముద్రం చేప కావాలంటే ముందే చెప్పాలి.

“వంజరం ఏమన్నా దొరుకుతుందా అన్నా?”

“ఆదివారానికి తెప్పిస్తాలే.”

అది మే నెల అయినా జవాబు అదే. మర్మమంతా ఆ జవాబులోనే ఉంది. ఎందుకంటే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లకూ మోటారు పడవలకూ వేట నిషేధం. 2015కు ముందు 47 రోజులు ఉండేది, ఆ ఏడు నుంచి పెంచారు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి కడలిని వదిలేయమన్నది దీని వెనుక మాట. రాష్ట్రంలో ఆ ఉత్తర్వుకు ఆధారం 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉంది. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి. వలలు ఒడ్డున పరిచి తెగిన కళ్లు అల్లుతారు. సరంగులకు, కలాసీలకు ఆ రెండు నెలలూ చేతిలో పని ఉండదు.

తినడం మానేయడాన్ని మనవాళ్లు ఎప్పుడూ పుణ్యం ఖాతాలోనే వేశారు. శనివారం వెంకన్న కోసం, సోమవారం శివుడి కోసం, కార్తీకం నెల పొడుగునా నీచు ముట్టని ఇళ్లు రాయలసీమలో ఊరికి ఎన్నో. అయితే ఈ వ్రతాలన్నీ తినేవాడి శుద్ధి కోసమే. చేపకు అందులో వాటా లేదు. కార్తీకంలో మిగిలిన చేప బతికి పిల్లలు పెట్టిందా అని ఏ పంచాంగమూ లెక్క చూడదు. ప్రభుత్వ నిషేధం దీనికి సరిగ్గా తలకిందులు. దానికి చేప గుడ్డే ముఖ్యం, తినేవాడి నాలుక ఊసే దానికి పట్టదు. నిగ్రహమంతా వల పట్టేవాడి మీద పెట్టి, విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి వదిలేసింది. అలా బలవంతంగా పెట్టిన ఉపవాసానికి ధర్మం అన్న పేరు దక్కుతుందా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. గుత్తి–పత్తికొండ దారిలో, అనంతపురం సీమకు ఆనుకునే, ఎర్రగుడి రాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఒకప్పుడు రాజు వంటశాలలో రోజూ లక్షలకు లక్షలు జంతువులు చచ్చేవని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేనని, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదని ఆయన అక్కడ చెక్కించుకున్నాడు. తన వంటింటి లెక్కను బండ మీద పెట్టిన పాలకుడు మరొకడు ఉంటాడా? పట్టాభిషేకమైన 26 ఏళ్లకు ఉత్తరాదిన నిలిపిన స్తంభాల మీద ఇంకో అడుగు వేశాడు. మూడు చాతుర్మాస్య పున్నములకు, పుష్య పున్నమికి, ఆ వెనకా ముందూ రోజుల్లో, ఇంకా ఉపవాస దినాల్లో చేపను చంపకూడదు. అక్కడితో ఆగలేదు, అమ్మకూడదు కూడా అన్నాడు. ఆ రెండో మాటతో నిషేధం వల దాటి బజారుకొచ్చింది. అమ్మేవాడు లేకపోతే కొనేవాడు కూడా ఉపవాసమే. ఇవాళ్టి ఉత్తర్వులో లోపించింది ఆ రెండో మాటే.

ఖురాన్ ఏడో సూరాలో సముద్రపు ఒడ్డున ఒక ఊరి ప్రస్తావన ఉంది. విశ్రాంతి దినమైన శనివారం వేటాడొద్దని వాళ్లకు ఆజ్ఞ. పరీక్షంటే అదీ, చేపలు ఆ రోజే గుంపులుగా పైకి కనబడేవి, తక్కిన రోజుల్లో రావు. అప్పుడు వాళ్లేం చేశారో వ్యాఖ్యాతలు చెప్పుకొచ్చారు. శుక్రవారమే వలలు కట్టి, గుంతలు తవ్వి, ఆదివారం పొద్దున చేపలు తీసుకున్నారట. ఆజ్ఞలో ఒక్క అక్షరం కూడా తప్పలేదు, ఆజ్ఞ మాత్రం చచ్చిపోయింది. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే అన్ని బోట్లూ ఒక్కసారిగా కడలి మీద పడి, సన్నకళ్ల వలలతో రెండు నెలల్లో ఎదిగీ ఎదగని పిల్లల్ని ఊడ్చుకొచ్చినప్పుడు ఈ కథ గుర్తుకు రాక మానదు.

అయినా తప్పంతా బోటువాడి మీదికి నెట్టడం అన్యాయం. భారతంలో ధర్మవ్యాధుడు మిథిల బజారులో మాంసం అమ్ముతూ కౌశికుడికి ధర్మం చెబుతాడు. తాను చంపడు, తినడు, అమ్ముతాడు. దుక్కి దున్నే నాగలి కింద ఎన్ని ప్రాణులు పోతున్నాయో చూడమంటాడు. హింస ఒకడి చేతిలో మొదలై ఇంకొకడి చేతిలో ముగిసేది కాదని, గొలుసులా అందరి చేతుల గుండా వెళుతుందని ఆ కసాయి అంగట్లో బోధపడుతుంది. గొలుసులో ఒక్క కొక్కేన్నే పట్టుకుని రెండు నెలలు పస్తుండమంటే తక్కినవి తేలిక పడతాయి. వేట నిషేధ భృతి 2025లో కుటుంబానికి 20,000 రూపాయలైంది. 61తో భాగిస్తే రోజుకు 328. అంతకు ముందు ఇచ్చింది అందులో సగమే.

మెట్ట రైతుకు ఈ నిషేధం చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే నేల మీద అతను ప్రతి ఏడూ కొన్ని వేరుశనగ కాయలు ఎత్తి పెట్టుకుంటాడు. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కె–6 రకమే ఇక్కడ చాలా చేలల్లో పండింది. పిల్లలు ఆకలన్నా ఆ బస్తా మూతి విప్పరు. విప్పితే మరుసటి వానకు చేతిలో గింజ ఉండదు. కరువు ముదిరిన ఏడు విత్తనకాయలు కూడా తినో అమ్మో గడిపిన ఇళ్లు లేకపోలేదు. అలాంటి ఇళ్లను ఎవరూ తిట్టరు. చెరువులోనూ అంతే. నీరు ఇంకిపోతే వేట దానంతటదే ఆగుతుంది. కొర్రమేను బురదలోకి దూరి తడి మిగిలినంత కాలం ప్రాణం నిలుపుకుంటుంది. వాన వచ్చి చెరువు నిండితే ఊరి పిల్లలు గాలం కర్రలతో గట్టు మీదికి చేరతారు, వాళ్లకు ఏ ఉత్తర్వూ లేదు.

నిజానికి వాన పడితే బత్తలపల్లె నీళ్లు కూడా సముద్రానికే పోతాయి. చిత్రావతిలో చేరి, గండికోట దగ్గర పెన్నలో కలిసి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర కడలిలో పడతాయి. వాన పడితే.

ఇంతకీ మే నెలలో “తెప్పిస్తాలే” అన్న ధీమా ఎక్కడిది? పడమటి తీరం నుంచి. ఆ ఒడ్డున నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. తూర్పు మూస్తే మంగళూరు వైపు తెరిచి ఉంటుంది, పడమర మూసినప్పుడు తూర్పు తెరుచుకుంటుంది. రెండు ఒడ్ల నడుమ పీఠభూమి మీద కూర్చున్న మనిషికి ఏ ఉపవాసమూ తగలదు, డబ్బు మాత్రం కాస్త ఎక్కువ పెట్టాలి. రెండు తీరాలకూ ఒకేసారి తాళం పడేది జూన్ 1 నుంచి 14 దాకా. ఆ పద్నాలుగు రోజుల్లో వచ్చేవి రెండే ఆదివారాలు.