తలకు ఇంతని లెక్క

ప్రకటనకు డబ్బు చెల్లించే పద్ధతులు ప్రధానంగా మూడు. ఎంతమంది కంటపడిందో లెక్కగట్టి ఇచ్చేది ఒకటి, ఎంతమంది నొక్కారో చూసి ఇచ్చేది ఇంకొకటి. మూడోదాంట్లో చూసినా నొక్కినా పైసా రాదు. చూసిన మనిషి ఖాతా తెరవాలి, యాప్ దించుకోవాలి, కార్డుకో అప్పుకో దరఖాస్తు పెట్టాలి. కంపెనీ కోరిన పని అతను చేస్తేనే మధ్యవర్తికి డబ్బు. దీన్నే సీపీఏ అంటారు. అఫిలియేట్ మార్కెటింగ్ చేసే నేను ఇప్పుడు ఈ ఆఫర్లను పరీక్షిస్తున్నాను.

పైకి ఇంతకన్నా న్యాయమైన బేరం కనబడదు. పని జరిగితేనే కూలి. కానీ లెక్క వేస్తే నష్టభయం ఎవరి నెత్తికి మారిందో తెలుస్తుంది. ఒక డీమ్యాట్ ఖాతాకు 300 రూపాయల పేఅవుట్ అనుకుందాం. నా డబ్బుతో యాడ్ వేస్తే ఒక్కో క్లిక్కుకు 5 రూపాయలు అయిందనుకుందాం. వందమంది నొక్కితే 500 ఖర్చు. ఇద్దరు ఖాతా తెరిస్తే 600 వస్తాయి, 100 మిగులుతుంది. ఒక్కరే తెరిస్తే 200 చేతినుంచి పోతుంది. ఇద్దరూ తెరిచి, ఒకరి దరఖాస్తు కేవైసీ తనిఖీ దగ్గర రిజెక్ట్ అయినా అంతే. కంపెనీ మాత్రం వచ్చిన ఖాతాకే డబ్బిస్తుంది, రాని ఖాతా ఖర్చు నాది. ఆ రెండో మనిషి కోసమే నా వాక్యం వంగుతుంది. ‘ఉచితం’ ముందుకొస్తుంది, ఏటా కట్టాల్సిన చార్జీ కిందికి జారుతుంది. అబద్ధం ఒక్కటీ ఉండదు, నిజాల వరస మాత్రం మారిపోతుంది.

నేనుండేది కోల్‌కతాలో, ఏక్‌బాల్‌పూర్‌లో. డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుని కాస్త వెళ్తే ఖిదిర్‌పూర్. అక్కడి ఓడల డాక్ 1892లో మొదలైంది. దానికవతల గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం, పాతవాళ్ల మాటలో బీఎన్నార్. ఆంధ్ర తీరం నుంచి ఎందరో ఆ రైల్వే కొలువుల వెంటే ఖరగ్‌పూర్‌కూ ఇక్కడికీ వచ్చి స్థిరపడ్డారు. నేనిక్కడ కూర్చుని తెలుగులో ప్రకటనలు రాస్తాను. వాటిని చదివేవాళ్లు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటారు.

ఈ హుగ్లీ నది ఒడ్డు ఇలాంటి బేరాన్ని ఇంతకుముందే చూసింది. వలసల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. కలకత్తా నుంచి 1834లో మారిషస్‌కూ, 1838లో బ్రిటిష్ గయానాకూ, 1873లో సురినాంకూ, 1879లో ఫిజీకీ ఒప్పందపు కూలీల ఓడలు బయలుదేరాయి. ఇలా వెళ్లిన మన తెలుగువాళ్లలో చాలామంది మద్రాసు రేవు నుంచి మారిషస్, నటాల్ దారి పట్టారు. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి కూడా వెళ్లాయి. రెండు రేవుల నుంచీ కలిపి ఆ ఒక్క ఫిజీకే మొత్తం 60 వేలమందికి పైగా చేరారు. ఇలా ఓడలెక్కిన కూలీల జ్ఞాపకంగా గార్డెన్ రీచ్‌లోని సురినాం ఘాట్ దగ్గర 2015లో ‘మాయీ బాప్’ విగ్రహం పెట్టారు. చేత మూటతో నిలబడ్డ ఒక ఆలుమగల జంట అది.

వాళ్లను ఊళ్లనుంచి ఇక్కడి డిపోలకు చేర్చింది లైసెన్సు ఉన్న రిక్రూటర్లూ, వాళ్ల కింద లైసెన్సు లేకుండా సంతల్లో, రైల్వే స్టేషన్లలో తిరిగే ఆర్కాటీలూ. ఈ మధ్యవర్తుల కూలి తలకు ఇంతని. ప్రతి వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన వచ్చాక ఆడమనిషికి రేటు పెరిగింది. వైద్య పరీక్షలో తప్పిన మనిషి వల్ల మధ్యవర్తికి లాభం లేదు. అందుకే ఆర్కాటీ మాటల్లో సముద్ర ప్రయాణం చిన్నదైపోయింది, కూలి పెద్దదైపోయింది, గిర్మిట్ అనే ఐదేళ్ల ఒప్పందం వట్టి కాగితమైపోయింది. నా డ్యాష్‌బోర్డులో కన్వర్షన్ అనీ, రిజెక్ట్ అనీ, పేఅవుట్ అనీ కనిపించే మూడు గళ్లూ ఆర్కాటీ పద్దులో అప్పుడే ఉన్నాయి.

రెండూ ఒకటేనని నేననను. సముద్రం దాటి ఐదేళ్లు తోటకు కట్టుబడి ఉండటమూ, ఫోనులో ఒక యాప్ దించుకోవడమూ ఒకే తూకానికి రావు. పోలిక మనుషులు పడ్డ బాధలో లేదు, డబ్బు ఏ క్షణానికి అందుతుందన్న దాంట్లో ఉంది. ఆర్కాటీకి మనిషిని అప్పగించిన క్షణం ముఖ్యం, నాకు ‘సబ్మిట్’ నొక్కిన క్షణం ముఖ్యం. ఆ మనిషికేమో ఆ క్షణం నుంచే అసలు కథ మొదలవుతుంది.

నా ఆలోచన అంతా ఇక్కడే ఆగుతుంది. మనిషి చేసే పని ఒక్క క్షణంలో పూర్తికాదు. అప్పు తీసుకోవడమంటే సంతకం ఒక్కటే కాదు, ఆఖరి వాయిదా కట్టేదాకా అప్పు తీసుకుంటూనే ఉన్నట్టు. కర్మనూ ఫలాన్నీ విడదీసి చూడమని మన పెద్దలు చెప్పింది, చేసినవాడు ఫలాపేక్షలో చిక్కుకోకూడదని. పని ఒకరిది, ఫలం ఒకరిది, ఆ పని చేయించినవాడికి రెండింటితోనూ సంబంధం లేదు అనడం ఆ ఉపదేశంలో ఎక్కడా లేదు. మా బేరం సరిగ్గా అదే అంటుంది. పని చదివినవాడిది, లాభం కంపెనీది, నాది ఒక లింకు.

ఆ లింకు వెనక ఏముంటుందో తెలుగునేల 2020 చివర్లో చూసింది. నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాయి, హైదరాబాదులో పోలీసు కేసులు నడిచాయి. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు పెట్టింది. అప్పు మొత్తం ఖరీదు ముందే ఒక పత్రంలో చూపాలంది. తీసుకున్నాక కూడా మనసు మార్చుకునే గడువు ఉండాలంది. ఆ గడువు నాకు చాలా గొప్ప విషయంగా కనిపిస్తుంది. నొక్కినంత మాత్రాన నిర్ణయం పూర్తవదని చట్టం ఒప్పుకున్నట్టే కదా.

అలాంటి జాగ్రత్త పాతకాలంలోనూ లేకపోలేదు. 1883 చట్టం ప్రకారం వలసపోయే కూలీని అధికారి ముందు నిలబెట్టి, ఒప్పందం వివరించి, ఇష్టపడే వెళ్తున్నావా అని అడగాలి. కానీ ఆ ప్రశ్న వచ్చేసరికి కూలీ ఊరు దాటి వచ్చేశాడు, మనసులో చిత్రం గీసేసుకున్నాడు. చివర అడిగే ప్రశ్న మొదట చెప్పిన మాటను చెరపలేదు. అన్యాయాలు బయటపడ్డప్పుడల్లా అధికారులు ఆర్కాటీని తిట్టారు. అతను నిర్దోషి కాడు. అయితే తలకు రేటు కట్టినవాళ్లు ఆ తిట్లకు చాలావరకు దూరంగానే ఉండిపోయారు. రేటు కట్టిన తీరులోనే అబద్ధానికి పిలుపు ఉంటే, ఆ పిలుపు అందుకున్నవాడికీ పంపినవాడికీ ఇద్దరికీ పూచీ ఉంటుంది.

ఒక్క విషయంలో ఆర్కాటీ నాకన్నా కష్టమైన చోట నిలబడ్డాడు. తాను పంపే మనిషి మొహం చూశాడు. నాకు కనిపించేది మొహం కాదు, ఒక క్లిక్ ఐడీ, ఒక సమయం, ఒక జిల్లా పేరు. జాలి పుట్టడానికి ఏ ఆధారమూ లేని చోట జాలిని నియమంగా పెట్టుకోవాలి.

మధ్యవర్తికి ఒక్కసారి కాకుండా నెలనెలా వాటా ఇస్తే ఈ చిక్కు తీరుతుందని కొందరంటారు. తీరదు. పందేల యాప్‌లు ఇచ్చే వాటా ఆటగాడు పోగొట్టుకున్న దాంట్లోంచే వస్తుంది. అక్కడ బంధం ఎంతకాలం సాగితే అవతలివాడు అంతగా మునుగుతాడు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతోపాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. చట్టం రాకముందు కూడా అవి ముట్టదగ్గ ఆఫర్లు కావు.

ఆఫర్‌ను తూచడానికి నాకు మిగిలిన తూకం ఒకటే. నాకు తెలిసినదంతా చదివే మనిషికీ తెలిస్తే అప్పుడు కూడా అతను నొక్కుతాడా? నొక్కడనిపిస్తే పేఅవుట్ ఎంతున్నా వదిలేయాలి. నొక్కుతాడనిపిస్తే ఆ తెలిసినదంతా మొదటి వరసలో రాయాలి. వడ్డీ ఎంత, ఏటా చార్జీ ఎంత, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, అతను నొక్కితే నాకేం వస్తుంది, అన్నీ ‘ఉచితం’ కన్నా ముందు. ఇలా రాస్తే కన్వర్షన్ తగ్గుతుంది. తగ్గాలి కూడా. చదివి, అర్థం చేసుకుని, నాకిది వద్దు అనుకుని వెళ్లిపోయిన మనిషి కూడా నా మాట వల్ల ఒక పని చేశాడు. ఏ కంపెనీ కూడా దానికి డబ్బివ్వదు. నేను మాత్రం దాన్ని నా పనిలోనే లెక్క వేసుకుంటాను.