అభ్యాసానికి కొలత ఏది?

ఏ విద్యనైనా కొంతకాలం అభ్యసించినవానికి రెండు ప్రశ్నలు తప్పక ఎదురవుతవి. ఎంత దూరం వచ్చాము అన్నది మొదటిది. ఇందులో మనది అనదగినది ఏమైనా ఉన్నదా అన్నది రెండవది. బడిచదువుకు పరీక్షలున్నవి. వ్యాపారంలో ఏడాదికొకసారి లెక్కలు కట్టి చూస్తే లాభనష్టాలు తేలుతవి. గిటారు వంటి వాద్యాన్ని సగం ఒకరి దగ్గర, సగం సెల్‌ఫోనులో పాఠాలు చూచి నేర్చుకొనేవారికి మాత్రం ఈ రెంటికీ జవాబు చెప్పేవారుండరు. మన ఇండ్లలో పిల్లలే కాక, నలభై యాభై దాటిన పెద్దలు కూడా కొందరు ఇప్పుడు ఈ వాద్యం పడుతున్నారు. కనుక ఈ విచారణ మన సంచికకు అప్రస్తుతం కాదు. పైగా ఇది సంగీతంతో తీరిపోయే ప్రశ్న కూడా కాదు. తన్ను తాను కొలుచుకొనటంలో వివేకమెంత, అహంకారమెంత అన్నది దీని లోపల దాగి ఉన్నది.

గిటారుకు ఆరు తీగలు. వీణకువలెనే దీనికీ మెట్లుంటవి. మొదటి రెండు మూడు నెలల్లో కొలత సులభం. వేలికొనలు నొచ్చి, బొబ్బలెక్కి, పిమ్మట కాయలు కాస్తవి. నాలుగు కార్డులు పట్టటం వస్తుంది, ఒక సినిమా పాట వస్తుంది, ఇంట్లోవారు మెచ్చుకొంటారు. అంతలో ‘ఎఫ్’ అనే కార్డు ఎదురవుతుంది. చూపుడు వేలొక్కటే మొదటి మెట్టులో తీగలన్నింటికీ అడ్డంగా పడుకొని అదిమి పట్టవలె. మిగిలిన మూడు వేళ్ళు పై మెట్లలో తమ పని తాము చేయవలె. ఒక తీగ మోగదు, మరొకటి బర్రుమంటుంది. వారాలు గడిచినా అంతే. చాలమంది గిటారును గోడకు తగిలించేది ఇక్కడే.

ఈ చోట దిగులుపడినవాడు సాధారణంగా ఏం చేస్తాడంటే, కొత్త పాటలు పోగుచేయటం మొదలుపెడతాడు. ఇరవై పాటలు వచ్చినవి, ముప్పై వచ్చినవి అని లెక్క చెబుతాడు. గోదాములో నిల్వ పెరగటం వేరు, లాభం రావటం వేరు అని వర్తకం చేసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. సగం సగం వచ్చిన ముప్పై పాటలు అమ్ముడుపోని సరుకే. పరిగ్రహం ధనధాన్యాలలోనే ఉండదు, విద్యలో కూడా దూరుతుంది.

దీనికి ఎదురుగా మరొకడుంటాడు. ఆరు నెలల క్రితం బాగున్నదనుకొన్న తన వాయింపు ఈవేళ వినలేకపోతాడు. తాళం తప్పటం, కార్డు మారేచోట సందు పడటం, తీగ మొద్దుగా పలకటం అన్నీ వినబడుతవి. తాను వెనుకబడ్డానని కుంగిపోతాడు. నిజానికి చెయ్యి పాడు కాలేదు, చెవి పెరిగింది. జమవైపు వ్రాయవలసిన మొత్తాన్ని ఆయన ఖర్చువైపు వ్రాస్తున్నాడు. మన పెద్దలు సమ్యగ్దర్శనం, సమ్యగ్‌జ్ఞానం, సమ్యక్‌చారిత్రం అని ఆ వరుసలోనే చెప్పటంలో ఎంత అనుభవమున్నదో ఇటువంటిచోట తెలుస్తుంది. చూపు ముందు సరిపడుతుంది, నడత తరువాత వస్తుంది. ఆ రెంటి నడుమ ఉండే కాలమే కష్టకాలం.

ఆత్మ పురోగతికి పద్నాలుగు గుణస్థానాలు చెప్పిన మన శాస్త్రం, పదకొండవ మెట్టు గురించి ఒక విచిత్రమైన మాట చెబుతుంది. అక్కడ మోహం నశించదు, అణిగి మాత్రమే ఉంటుంది. నివురు కింద నిప్పువలె. అందువల్ల అక్కడిదాకా ఎక్కినవాడు కూడా తిరిగి జారుతాడు. మోహాన్ని క్షయం చేసుకొంటూ పోయేవాడు ఆ మెట్టు తొక్కకుండానే పదినుండి పన్నెండుకు పోతాడు, వానికి పతనం లేదు. ఇంత గొప్ప సంగతిని గిటారుకు దించటం కొందరికి నచ్చకపోవచ్చు. ఐనా సామ్యం కళ్ళకు కట్టినట్లున్నది. వేగంగా వాయించి తప్పును కప్పుకొన్నవాడు తప్పును పోగొట్టుకోలేదు, అణచాడు. నలుగురి ముందు కూర్చోగానే అది లేచి వస్తుంది. నిమిషానికి అరవై దెబ్బలకు మెట్రోనోము పెట్టి, అదే పాటను నిదానంగా వాయించమంటే గుట్టంతా బయటపడుతుంది. నిదానం దాచనివ్వదు. పురోగతికి వేగాన్ని కొలతగా పెట్టుకొన్నవారు ఈ పరీక్ష ఒక్కసారైనా చేసి చూడవలె.

పెద్దవయసులో నేర్చుకొనేవారికి వేరొక బాధ ఉన్నది. పక్కన కూర్చున్న పదేళ్ళ పిల్ల తనకంటె ముందు చేరి, తనకంటె చక్కగా వాయిస్తుంటే యాభై ఏళ్ళవానికి తల వంగదు. బాహుబలి కథను శ్వేతాంబర సంప్రదాయం చెప్పే తీరు ఇక్కడ తలచుకోదగినది. తనకంటె ముందు దీక్ష తీసుకొన్న తమ్ములకు నమస్కరించవలసి వస్తుందని ఆయన తండ్రి సన్నిధికి పోక, ఏడాదిపాటు నిలబడి తపస్సు చేశాడు. తీగలు ఒళ్ళంతా అల్లుకొన్నవిగాని కేవలజ్ఞానం రాలేదు. చెల్లెళ్ళు బ్రాహ్మీ సుందరులు వచ్చి ఏనుగు దిగమని చెప్పినప్పుడు, తాను ఎక్కిన ఏనుగు ఏదో ఆయనకు అర్థమైంది. తమ్ములున్న వైపు అడుగు ఎత్తగానే జ్ఞానం కలిగింది.

ఇక బాణీ మాట. ఏడాది తిరిగేసరికి ప్రతివానికీ సొంత బాణీ కావాలనిపిస్తుంది. అందుకోసం కొందరు గిటారు మారుస్తారు, తీగలు మారుస్తారు. దుకాణం వారికి తప్ప దానివల్ల లాభం ఎవరికీ లేదు. బాణీ ఎట్లా పుడుతుందో చూడాలంటే జాంగో రైన్‌హార్ట్ (1910-1953) జీవితం చూడవచ్చు. బెల్జియంలో, రోమా సంచార కుటుంబంలో పుట్టినవాడు. 1928లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, కాపురముండే బండికి నిప్పంటుకొని ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నవి. గిటారులో తీగలదిమేది ఆ చెయ్యే. మిగిలిన రెండు వేళ్ళతో పరుగెత్తే దారి వెదుక్కొని, చెడిన వేళ్ళను కార్డులకు కొంత వాడుకొని, 1934లో పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి మేళం కట్టాడు. ఇప్పుడు అన్ని వేళ్ళూ ఉన్నవారు ఆ పోకడను సాధన చేస్తున్నారు! ఆయన వెదికింది బాణీని కాదు, వాయించే మార్గాన్ని.

మన దేశంలో జోధ్‌పూర్‌లో పుట్టిన బ్రిజ్ భూషణ్ కాబ్రా (1937-2018) సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్‌కు శిష్యుడు. గిటారు మెట్లమీద రాగానికి కావలసిన జారుడు సరిగా పలకదు. ఆయన గిటారును అడ్డంగా పెట్టుకొని, తీగలమీద లోహపు కడ్డీని జార్చుతూ హిందుస్థానీ రాగాలు వాయించాడు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి చేసిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో ఆ నాదం వినవచ్చు. గురువును అనుసరించాలన్న శ్రద్ధే, వాద్యం వేరు కావటంచేత, కొత్తదారి తొక్కించింది.

ఆత్మకు జ్ఞానం బయటినుండి తెచ్చి అతికేది కాదని, కర్మపు పొరలు రాలితే బయటపడే స్వభావమని జైనులు నమ్ముతారు. బాణీ కూడా అటువంటిదే. ఐతే ఈ మాటను సాకుగా వాడుకొనేవారున్నారు. ‘ఎఫ్’ కార్డు పట్టలేక దానిని వదలి, ఇదే తన శైలి అనేవానికి జాంగో పేరు చెప్పుకొనే హక్కు లేదు. జాంగోకు వేళ్ళు చెడినవి. ఇతనికి వేళ్ళున్నవి, ఓపిక లేదు. పట్టగలిగి మానితే బాణీ, పట్టలేక మానితే బాకీ. స్పెయిన్ దేశపు ఆండ్రే సెగోవియా (1893-1987) చాలవరకు స్వయంగా నేర్చుకొని గిటారుకు కచేరీ వేదికమీద గౌరవం తెచ్చినవాడు. అంత పేరు వచ్చాక 1953లో ఆయన ప్రచురించినదేమంటే, మన సరళివరసల వంటి స్వరక్రమాల అభ్యాసపుస్తకం.

కాబట్టి లెక్క వ్రాయవలసిందే. లెక్క లేనివాడు తన్ను తాను మోసగించుకొంటాడు. మహావీరస్వామి నిర్వాణదినమైన దీపావళికి ఒకే పాటను, ఒకే వేగంలో వాయించి సెల్‌ఫోనులో పట్టి ఉంచితే, పైఏటి దీపావళికి పోల్చటానికి తన వాయింపే తనకుంటుంది. నెలనెలా వ్రాసే పుస్తకంలో ఎన్ని పాటలు అన్న గడి అక్కరలేదు. “నాలుగో తీగ మోగలేదు” అని వ్రాసినచోట, మరునెల “నాలుగోది మోగింది, రెండోది మోగలేదు” అని ఉంటే సరిపోతుంది. ఆ రెండో తీగ ఎందుకు మోగటం లేదో పక్కన కూర్చున్న పదేళ్ళ పిల్లను అడిగితే, చూపుడు వేలిని కొంచెం పక్కకు ఒరిగించి అదమమని చెబుతుంది.