పట్టు ఎక్కడుంది?

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్‌నీ మాదాపూర్‌నీ కలుపుతూ దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన తెరిచారు. ఉక్కు తీగను ఒకసారి బిగించాక అది అలాగే ఉండాలి, మారకపోవడమే దాని గట్టితనం. చర్మంలో, పేగు గోడలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే తీరును కూడా మనం ఇలాగే ఊహించుకుంటాం. రెండు కణాల మధ్య బంధం ఎంత బిగుసుకుంటే కణజాలం అంత గట్టిదనుకుంటాం. ఆ ఊహ చాలదని నా వాదన. కణజాలాన్ని నిలబెట్టేది ఒక కణం లోపలి నుంచి పక్క కణం లోపలికి తెగకుండా సాగే బిగువు. సరిహద్దు ఆ బిగువుకు దారి మాత్రమే.

సరిహద్దు వాదానికి ఆధారం లేకపోలేదు. కాడెరిన్ అనే ప్రొటీన్లు కణం పైపొర దాటి వచ్చి పక్క కణపు కాడెరిన్లను పట్టుకుంటాయి. ఇందుకు కాల్షియం కావాలని జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకెయిచి 1970లలో మొదలుపెట్టిన పనితో తేలింది. ప్రయోగశాలలో పెంచిన కణాలకు కాల్షియం అందకుండా చేస్తే అవి విడిపోతాయి. అయితే అదే కాడెరిన్‌ను లోపలి వైపు నుంచి చూడాలి. దాని తోకకు కెటెనిన్లనే ప్రొటీన్లు, వాటికి కణం లోపలి ఆక్టిన్ పోగులు అతుక్కుని ఉంటాయి. బిగువు పెరిగితే ఆల్ఫా కెటెనిన్ మడత విప్పుకుని విన్‌క్యులిన్ అనే మరో ప్రొటీన్‌ను రప్పించుకుంటుంది, దాంతో మరిన్ని పోగులు అక్కడ అతుక్కుంటాయి. లాగినకొద్దీ బలపడే ముడి ఇది! పైగా ఇది ఉక్కు తీగలా మారకుండా ఉండేది కాదు, ఆ కాడెరిన్లు గంటల్లో, ఆక్టిన్ పోగులు నిమిషాల్లో పాతవి పోయి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఇక రోగాల సంగతి చూద్దాం. పెంఫిగస్ వల్గారిస్ రోగంలో శరీరం తన కణాలను ఒకదానికొకటి బిగించే డెస్మోజోములనే ముడుల మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, కణాలు విడిపోయి నోట్లో, ఒంటిమీద పొక్కులు లేస్తాయి. ఇక్కడ సరిహద్దు వాదిదే గెలుపు. కానీ ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా సింప్లెక్స్ మాటేమిటి? అందులో చాలామందికి లోపం ఉండేది కెరటిన్ 5 లేదా 14 జన్యువులో, అంటే కణం లోపలి పోగుల్లో. కాస్త రాపిడి తగిలితే చాలు, చర్మపు అడుగు వరుస కణాలే చిరిగిపోతాయి. పక్క కణాన్ని వదలని కణం తానే చిరిగిపోయిందంటే, పట్టు సరిహద్దు దగ్గరే ఉందని ఎలా అనగలం?

గచ్చిబౌలికి దగ్గర్లోనే, గోపనపల్లిలో ఉన్న టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ పరిశోధన సంస్థకు చెందిన తమల్ దాస్, జర్మనీలోని సహచరులతో కలిసి 2018లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రచురించిన పని నా వాదనకు ఇంకా దగ్గరగా వస్తుంది. ఖాళీ జాగా దొరికినప్పుడు కణాల పొర అంచున కొన్ని కణాలు ముందుకు సాగుతాయి, మిగతావి వెంట నడుస్తాయి. ముందు నడిచే కణం తన సత్తాతోనే ముందుకొచ్చిందనుకోవడం సహజం. అది ఇంకా ముందుకు రాకముందే వెనకున్న కణాలు దాన్ని లాగుతున్నాయనీ, ఆ లాగుడే దాన్ని ముందు నిలుపుతోందనీ వాళ్లు చూపారు. బిగువు పొరలో కొంత మేరకే పాకుతుంది, ఆ మేర దాటిన చోట మరో కణం ముందుకొస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన ఫలితం ఇది.

అవి పళ్లెంలో పెంచిన కుక్క మూత్రపిండ కణాలు కదా, మనిషి ఒంట్లో అలాగే జరుగుతుందా అనవచ్చు. కొలతలు మారవచ్చు, ఒప్పుకుంటాను. కెరటిన్ లోపం మాత్రం పళ్లెంలోది కాదు, పసిపిల్లల చర్మం మీద కనిపించేది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో డెస్మోజోములు కాల్షియం తీసేసినా విడవనంతగా బిగుసుకుంటాయి, మరి అక్కడ మార్పేదీ? నిజమే, రోజువారీ ఒరిపిడిని తట్టుకోవడానికి చర్మానికి ఆ బిగింపు కావాలి. కానీ గాయమైతే ఆ అంచున ఉన్న డెస్మోజోములు మళ్లీ కాల్షియం మీద ఆధారపడే వదులైన స్థితికి దిగుతాయి. అప్పుడే కణాలు పక్కవాటిని పూర్తిగా విడవకుండానే ముందుకు పాకి గాయాన్ని కప్పగలుగుతాయి.