పదునారేండ్ల తల్లి

పెండ్లి కాని పదునారేండ్ల పిల్ల గర్భవతియైనదని వినినప్పుడు మన యిండ్లలో ఎవరును నవ్వరు. అయితే అమెరికా దేశములో 2007వ సంవత్సరమున ఈ సంగతిమీదనే ఒక హాస్యచిత్రము తీసిరి. దాని పేరు 'జూనో'. దర్శకుడు జేసన్ రైట్‌మన్. డయాబ్లో కోడీ అను స్త్రీ కథ వ్రాసెను. తెరకెక్కిన ఆమె కథలలో ఇదియే మొదటిది. సుమారు 70 లక్షల డాలర్లతో తీసిన యీ చిన్న చిత్రము 23 కోట్ల డాలర్లకు మించి తెచ్చెను. 2008లో ఆమెకు ఆస్కార్ బహుమానము వచ్చెను. రోజర్ ఎబర్ట్ అను పేరుపొందిన విమర్శకుడు ఆ యేటి చిత్రములన్నిటిలో దీనినే మొదటిదిగా ఎంచెను. మన యౌవనస్థులు ఇప్పుడు లోకములోని చిత్రములన్నిటిని చేతిలోని ఫోనులోనే చూచుచున్నారు. కనుక దీనిని గూర్చి ఒక కాపరి మాటలాడుట వింతయేమియు కాదు.

కథ చిన్నది. మిన్నెసోటా రాష్ట్రములో జూనో అను పిల్ల తన తండ్రితోను సవతి తల్లితోను ఉండును. పౌలీ బ్లీకర్ అను తోటి విద్యార్థి మూలముగా గర్భవతియగును. మొదట గర్భము తీయించుకొన నెంచి వైద్యశాలకు పోవును. వాకిట ఆమె బడిపిల్ల యొకతె అట్ట పట్టుకొని ఒంటరిగా నిలిచి, కడుపులోని శిశువునకు అప్పటికే గోళ్లుండునని చెప్పును. జూనో లోపలికి పోయి కూర్చుండును గాని, అక్కడివారి గోళ్ల చప్పుడు తప్ప ఆమెకు మరేమియు వినబడదు. లేచి వచ్చివేయును. తరువాత ప్రకటనల పత్రికలో బిడ్డను కోరుచున్న దంపతులను చూచి, పుట్టబోవు బిడ్డను వారికిచ్చెదనని మాట యిచ్చును.

ఆ గోళ్ల మాట విని, ఈ చిత్రము తమ పక్షమున సాక్ష్యమిచ్చుచున్నదని అక్కడి క్రైస్తవులు కొందరు సంతోషించిరి. తాను ఆ పక్షముదానను కానని రచయిత్రి తరువాత స్పష్టముగా చెప్పెను. ఆ వాదమును నేనిక్కడ త్రవ్వబోను. నన్ను పట్టుకొనిన ప్రశ్న వేరు. ఇట్టి సంగతిలో నవ్వుటకు చోటున్నదా?

మొదట మంచిని చెప్పెదను. జూనో తలిదండ్రులను కూర్చుండబెట్టి తన సంగతి చెప్పు ఘట్టమొకటి కలదు. బడినుండి వెళ్లగొట్టబడినదేమో అని వారు భయపడుచుందురు. అసలు సంగతి వినినప్పుడు వారికి దుఃఖము కలుగును. అయినను చెయ్యి లేవదు, తలుపు మూయబడదు. సవతి తల్లి వెంటనే గర్భిణికి వలసిన మందులను గూర్చి మాటలాడును. బిడ్డను తీసికొనువారిని చూచుటకు తండ్రి తానే వెంట పోవును. తరువాత వైద్యశాలలో ఒక ఉద్యోగిని ఆ పిల్లను చులకన చేసి మాటలాడగా, సవతి తల్లి లేచి ఆమె నోరు మూయించును. సవతి తల్లి అనగానే మన కథలలో గయ్యాళియే గదా! ఇక్కడ ఆమెయే ఆ పిల్లకు గోడవలె నిలుచును. ఈ ఒక్క కుటుంబమును చూపినందుకు నేనీ చిత్రమునకు చాల క్షమించెదను.

రెండవది వెనెస్సా అను స్త్రీ. బిడ్డను కోరుచున్న ఇల్లాలు ఆమెయే. చాల కాలముగా సంతానము లేని స్త్రీ. మొదట మనకామె మీద ప్రీతి కలుగదు. ఇల్లు, గోడలు, కాగితములు, అన్నియు అతిగా సర్దుకొను మనిషి. అయితే ఒకనాడు అంగడి నడుమ ఆమె జూనో కడుపుమీద చేయి వేయును. ఏమియు తెలియదు. అప్పుడు జనులు పోవుచు వచ్చుచు నుండగా మోకరించి, కడుపులోని బిడ్డతో మెల్లగా మాటలాడును. బిడ్డ కదలును. ఆ చోట చిత్రములోని పరిహాసమంతయు ఆగిపోవును. నవ్వించుటకు తీసిన చిత్రములో నవ్వు ఎక్కడ ఆపవలెనో తీసినవారికి తెలిసినదని నాకు తోచెను.

ఇక లోపములు. జనులు మెచ్చుకొనినది ముఖ్యముగా సంభాషణలను; నాకు విసుగు పుట్టించినవియు అవియే. మొదటి పావుగంటలో అందరిది ఒకే నాలుక. గర్భపరీక్ష సామాను అమ్ము దుకాణదారుడు సహితము ఆ పిల్ల భాషలోనే చమత్కారములు విసరును. లోకములో దుకాణదారుడు ఒక విధముగా, బడిపిల్ల మరియొక విధముగా మాటలాడును. అందరును ఒక్క తీరుగా మాటలాడినప్పుడు మనకు వినబడునది వ్రాసినవారి తెలివి మాత్రమే. భయపడుచున్న పిల్ల గొంతు వినబడదు.

అట్లని నవ్వు తప్పని నేననను. ఇస్సాకు అను పేరునకే నవ్వు అని అర్థము. శారా రెండుసారులు నవ్వెను. మొదట గుడారపు తలుపు చాటున లోలోపల నవ్వి, అడిగినప్పుడు భయపడి నవ్వలేదని బొంకెను. బిడ్డ పుట్టిన తరువాత బహిరంగముగా నవ్వెను. చాటుకొనుటకు నవ్విన నవ్వు ఒకటి, చాటు విడిచి నవ్విన నవ్వు ఇంకొకటి. జూనో నవ్వు చాలవరకు మొదటి విధమైనది. పదునారేండ్ల పిల్ల తనను కాపాడుకొనుటకు వెక్కిరించుట సహజమే. చిత్రమునకును ఆ సంగతి తెలియును. వెనెస్సా భర్త ఆమెను విడిచిపెట్టనున్నాడని తెలిసిన రాత్రి, జూనో దారిప్రక్క బండి ఆపి ఒంటరిగా ఏడ్చును. అయితే ప్రసవమైన తరువాత కథ ఆమెను తిరిగి చాటునకే పంపును.

బిడ్డను ఆమె చూడదు. బ్లీకరు పరుగు పందెమునుండి వచ్చి ఆసుపత్రి మంచముమీద ఆమె ప్రక్కన పండుకొనును, ఆమె ఏడ్చును. మరుసటి ఘట్టములో వేసవి వచ్చినది! జూనో సైకిలు మీద వచ్చి, గిటారు పట్టుకొని అతనితో కూడ పాట పాడుచున్నది. పాలు వచ్చి ఎండిన దినములు ఏమైనవి? రాత్రులు ఏమైనవి? వాటిలో ఒక్కటియు మనకు చూపబడదు.

ఆ దినములను గూర్చి పుస్తకమొకటి కలదు. యాన్ ఫెస్లర్ అను స్త్రీ వ్రాయగా 2006లో, ఈ చిత్రమునకు ఒక యేడు ముందుగా, వెలువడెను. ఆమెయే పెంపునకు ఇయ్యబడిన బిడ్డ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినది మొదలు 1973 వరకు అమెరికాలో బిడ్డలను ఇచ్చివేసిన తల్లులు సుమారు 15 లక్షలమందియని ఆమె లెక్క; వారిలో నూరుమందికి పైగా కలిసికొని వారి మాటలు వ్రాసికొనెను. కడుపు కనబడక మునుపే పిల్లలను దూరపు ఊళ్లలోని ప్రసూతి గృహములకు పంపిరి. వాటిలో అనేకము క్రైస్తవులు నడిపినవే. రక్షణ సైన్యమువారివి కూడ వాటిలో ఉండెను. బిడ్డను ఇచ్చివేసి ఇంటికి పొమ్మనిరి, మరచిపొమ్మనిరి. వారు మరచిపోలేదు.

ఈ సంగతి దూరదేశపుది గదా అని అనుకొనవద్దు. మన పల్లెలలోను ఇట్టి పిల్లను రాత్రికి రాత్రి మేనత్త ఊరికి పంపుచున్నారు. పెద్దలు కూడి ఆ పిల్లను సంస్కారపు బల్లకు దూరపరచుదురు. చిన్నవాని పేరు అడుగువారు అరుదు. మన చట్టము ఇంతకంటె కనికరము గలది. ప్రకటన చూచి బిడ్డను చేతికిచ్చుట ఇక్కడ కుదరదు. 2015 నాటి బాల న్యాయ చట్టము చొప్పున బిడ్డను బాలల సంక్షేమ సమితి యెదుట అప్పగింపవలెను. తల్లి మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువున్నది. తల్లి మనసు ఒక్క దినములో నిలువదని చట్టము వ్రాసినవారికి తెలియును.

ఆ ప్రసూతి గృహములు సిగ్గుచేత దుఃఖమును మూసెను. ఈ చిత్రము ఆ సిగ్గును తీసివేసెను, అది మేలే. అయితే దుఃఖముమీద మరల నవ్వును కప్పెను. ఫెస్లర్ యొద్దకు వచ్చిన స్త్రీలలో ముప్పది, నలువది యేండ్లు ఈ మాట తమ కడుపున పుట్టిన పిల్లలకు సహితము చెప్పక దాచుకొనినవారుండిరి.