దాచిన విద్య

పరుసవేది సోకిన యినుము బంగారమగునను కథ మన యిండ్లలో పిల్లలు సైతము వినియున్నారు. అట్టి వేది కలదా లేదా యనునది యిప్పుడు మా ప్రశ్న గాదు. కొలిమిలో నెంత కాచినను ఒక లోహము వేఱొక లోహము కాజాలదని రసాయనశాస్త్రము ఎన్నడో తేల్చినది. కాని దాని వెనుక మఱియొక ప్రశ్న తేలక మిగిలియున్నది. తనకు దెలిసిన విద్యను మనుష్యుడు లోకమునకు దాచవచ్చునా? దాచుట ధర్మమైనచో, ఏ విధముగా దాచుట ధర్మము? ఈ విచారణకు ఐరోపాఖండమున అచ్చుపడిన రసవాద గ్రంథసంపుటములు మంచి సాక్ష్యమని మేము తలంచుచున్నాము.

ఈ విద్య గురువునుండి శిష్యునకు రహస్యముగ సంక్రమింపవలసినదని రసవాదుల నియమము. అట్టి వ్రాతప్రతులను పదునాఱవ శతాబ్దిలో అచ్చుకూటములవారు ప్రోగుచేసి ప్రకటింప మొదలిడిరి. 1541లో న్యూరెంబర్గు పట్టణమున నొక సంపుటము వెలువడెను. స్ట్రాస్‌బర్గు నగరపు పుస్తకవర్తకుడైన లజారస్ జెట్స్నరు 1602లో 'థియేట్రమ్ కెమికమ్' అను లాటిను సంపుటముల నారంభించెను. 1661 నాటికి అవి యాఱు సంపుటములై, రెండువందలకు పైగా గ్రంథములను తమలో నిముడ్చుకొనెను. 1702లో జెనీవా నగరపు వైద్యుడు మాంజే రెండు బృహత్సంపుటములను ముద్రింపించెను. జెట్స్నరు సంపుటములను ఐజాక్ న్యూటను తన యింట నుంచుకొని శ్రద్ధతో చదివెను.

ఇందలి వింత గమనింపదగినది. అపాత్రులకు చెప్పకుమని హెచ్చరించు గ్రంథము, వెల యిచ్చిన వారికెల్ల అంగడిలో దొరకుచుండెను. అయినను రహస్యము బయటపడలేదు. ఏలన, ఆ గ్రంథములలోని పదార్థములకు సొంతపేళ్లు లేవు. పచ్చని సింహము, విషసర్పము, రాజును రాణియు, ఇట్టి మాఱుపేళ్లతోనే యంతయు నడచుచుండెను. వెలుపలి తాళమును ముద్రాపకుడు తీసెను గాని లోపలి తాళమట్లే యుండెను.

దాచినవారి పక్షమునను న్యాయము లేకపోలేదు. బంగారము చేయు నేర్పు దుర్మార్గుల చేతబడినచో రాజ్యములు తలక్రిందులగునని వారు భయపడిరి. ఇంగ్లండులో వెండి బంగారములను వృద్ధిచేయుట నేరమని 1404లో శాసనమే పుట్టెను. రాబర్టు బాయిలు ప్రభృతుల ప్రయత్నమున 1689లో గాని యది రద్దు కాలేదు. బంగారముతో గలిసినంతనే వేడెక్కు పాదరసమును గూర్చి 1676లో బాయిలు ప్రకటింపగా, న్యూటను రాయల్ సొసైటీ కార్యదర్శికి జాబు వ్రాసి, లోకమునకు గొప్ప హాని కలుగవచ్చును గనుక బాయిలు మౌనము వహించుట మేలని సూచించెను. అంతటి మేధావి చెప్పిన మాటను తేలికగా త్రోసివేయరాదు. విషము చేయు విధమును వీధిలో చాటుట జ్ఞానదానమని మేమును అనము.

కాని దాచుటలో రెండు రీతులు కలవు. అమెరికానుండి 1650లో లండనుకు వచ్చిన జార్జి స్టార్కీ యను రసవాది చరిత్రమున ఈ రెంటి భేదము తేటపడుచున్నది. 1651లో అతడు బాయిలునకు వ్రాసిన జాబులో, తాను పాదరసమును శుద్ధిచేయు పద్ధతిని తెలిసికొనదగినట్లు చెప్పెను. లోకముకొఱకు వ్రాసిన గ్రంథములలో మాత్రము 'సత్యప్రియుడు' అను నర్థము వచ్చు ఫిలలేథీసను మాఱుపేరు దాల్చి, అదే విషయమును పొడుపుకథగా జేసెను. అతడు 1665లో లండను మహమ్మారికి బలియయ్యెను. అతని ముఖ్యగ్రంథము 1667లో ఆమ్‌స్టర్‌డామున వెలువడి, 1678 నాటి 'మ్యూజియమ్ హెర్మెటికమ్' సంపుటములో చేరెను. రాజుగారి మూసియున్న నగరికి తెఱచిన వాకిలియని దాని పేరు! ఆ వాకిటిలో డయానా దేవత పావురములు కనబడును. అవి వెండియని యెఱుగనివానికి లోనికి త్రోవ లేదు.

ఇటీవల శాస్త్రచరిత్రకారులు ఆ జాబులను, ప్రయోగపుస్తకములను గ్రంథములతో పోల్చి పొడుపులను విప్పిరి. లారెన్సు ప్రిన్సిపీ యను పండితుడు ఆ పద్ధతి ననుసరించి బంగారమును పాదరసమును గాజుపాత్రలో మూసి కాచగా, చెట్టు కొమ్మలవలె లోహము పెరిగెను. అది పరుసవేది గాదు. కాని స్టార్కీ చూచినది కల్ల గాదు. నిజముగ కంటితో గాంచిన విషయము మూడువందల యేండ్లు పావురముల చాటున నిద్రించెను. ఈ నష్టమునకు బాధ్యులెవరు?

మౌనము ధర్మము కావచ్చును. నేను చెప్పనని యన్నవాడు మనల మోసగింపడు. చెప్పుటయు ధర్మము కావచ్చును. చెప్పినట్లు నటించి చెప్పకుండుట మాత్రము ఏ ధర్మమును గాదు. అట్టివాడు జ్ఞాని యను కీర్తిని గైకొనును. పరీక్షకు మాత్రము నిలువడు. ఫలము కనబడనిచో తప్పు గ్రంథముది గాదు, చదివినవాని బుద్ధిదే యనును. ఆ మాట నమ్మి ధనమును ఆయువును కొలిమి పాలు చేసికొన్నవారి లెక్క యెవరు వ్రాసిరి?

ఎలయాస్ ఆష్మోలు అను ఆంగ్లేయుడు 1652లో తన దేశపు రసవాద పద్యములను ప్రోగుచేసి లండనులో ప్రకటించెను. బోలు బొగ్గులో వెండిపొడి దాచి, పూజారియొద్ద నలువది పౌనులు కాజేసిన వంచకుని గూర్చి ఛాసరు కవి చెప్పిన కథను సైతము అందు జేర్చెను. మఱుసటి సంవత్సరము, మరణశయ్యపై నుంటినని తలంచిన బాక్‌హౌస్ అను పెద్ద పరుసవేది రహస్యమును తనకు చెప్పెనని ఆష్మోలు దినచర్యలో వ్రాసికొనెను. ఆ రహస్యమును అతడు లోకమునకు చెప్పలేదు. సంకల్పించిన రెండవ సంపుటమును వెలువరింపలేదు. 1692లో మరణించెను. కాని అంతకు తొమ్మిదేండ్లు ముందు, 1683లో, అతని వస్తుసంచయముతో ఆక్స్‌ఫర్డున ప్రజలకు ప్రదర్శనశాల తెఱవబడెను. దాని నేలమాళిగలో రసాయన ప్రయోగశాల యుండెను. దాచిన రహస్యము అతనితోనే మట్టిలో గలిసెను. తెఱచిన యిల్లు నేటికిని నిలిచియున్నది.

మందు పేరు బయట పెట్టినచో గుణము పోవునను మాట మన పల్లెలలోను వినబడుచునేయున్నది. మా యభిప్రాయమున, చెప్పినంతమాత్రమున పోవు గుణము మొదట నుండియుండదు; చెప్పనిచో నిజమైన గుణమును పోవును. మన పిల్లలు ఏదేని యడిగినప్పుడు, తెలిసిన దానిని తేటగా చెప్పుదము. చెప్పరాని దానిని చెప్పరాదని చెప్పుదము. తెలియని దానిని తెలియదని యొప్పుకొందము. ఈ మూటికిని వెలుపల నున్న నాలుగవ మాట యెంత గంభీరముగ నున్నను, అది బోలు బొగ్గు.