సహోదరులు అన్నాం కదా

మన బడుల్లో ప్రతి ఉదయం చెప్పించే ప్రతిజ్ఞలో ‘సహోదరులు’ అనే మాట ఒకటుంది. ఆరు నుంచి పది దాకా అయిదేళ్ళు, సెలవులు తీసేసినా సుమారు వెయ్యిసార్లు చెయ్యి చాచి ఆ మాట అని ఉంటాం. అర్థం తెలియని వయసులో, అందరితో కలిసి, ఎవరో చెప్పించగా అన్న మాటకి మనిషి కట్టుబడి ఉండాలా? నీతి గురించి ఆలోచించేవాళ్ళకి ఇది పాత ప్రశ్నే. ఆడపిల్లల వైపు నుంచి అడిగితే మాత్రం ఇది మరో ప్రశ్నగా మారిపోతుందని నాకనిపిస్తుంది. కట్టుబడాల్సింది ఎవరు అన్నదానికంటే, బాకీపడింది ఎవరికి అన్నది ముందుకొస్తుంది.

ఈ ప్రతిజ్ఞ మా ఉత్తరాంధ్రలో పుట్టిందన్న సంగతి నాకు పీహెచ్‌డీ చేసే రోజుల్లో గానీ తెలియలేదు. చైనాతో యుద్ధం వచ్చిన 1962లో, విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు దీన్ని తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది అప్పటి విద్యామంత్రి, విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు గారి చేతికి వెళ్ళింది. 1963లో విశాఖలోని ఒక బడిలో మొదట చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదవడం మొదలైంది. మా పాఠ్యపుస్తకాల మొదట్లో ప్రతిజ్ఞ ఉండేది, రాసినాయన పేరు ఉండేది కాదు. పేరు లేకుండా నోటినోటా బతకడం జానపద గీతాలకే చెల్లుతుందనుకుంటాం. ఒక ప్రభుత్వోద్యోగి వచనానికీ ఆ భాగ్యం పట్టింది.

చీపురుపల్లికీ రాజాంకీ మధ్య ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను చదివాను. (రాజాం అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది.) ప్రార్థన గీతం ఆడపిల్లలు పాడాలి, ప్రతిజ్ఞ మగపిల్లాడు చెప్పించాలి. ఇది ఎక్కడా రాసిలేదు. మంచి గొంతు మాదట, పెద్ద గొంతు వాళ్ళదట. గదులు ఊడ్చి ముగ్గు పెట్టడం మా పని, బోరింగు నుంచి నీళ్ళు మోయడం వాళ్ళ పని. స్వపరిపాలన దినోత్సవం నాడు మేం అమ్మల చీరలు చుట్టుకుని తెలుగు టీచర్లం, హిందీ టీచర్లం అయ్యేవాళ్ళం. హెడ్మాస్టరు కుర్చీ మాత్రం ఏ ఏడూ ఇటువైపు జరగలేదు. అందరూ సహోదరులేనని చెప్పి, వరస తప్పకుండా గదుల్లోకి నడిచాక, ఆ సహోదరులతో అయిదేళ్ళపాటు మాటల్లేవు. నోట్సు కావాలంటే మాస్టారి బల్ల మీద పెడితే అటువైపు వాళ్ళు వచ్చి తీసుకునేవారు.

ప్రతిజ్ఞ ఉన్న ప్రతి బడిలోనూ దానికో పిల్లల పాఠాంతరం ఉంటుంది. ‘అందరూ’ దగ్గర ఆగి ‘ఒక్కరు తప్ప’ అని గొణుక్కోవడం. అందరూ తోబుట్టువులైపోతే పెళ్ళి ఎవరిని చేసుకోవాలన్నది ఆ హాస్యం. మేమూ నవ్వేవాళ్ళం. ఇక చీటీ రాసి దొరికిపోయిన అబ్బాయికి పడే శిక్ష, ఎవరికి రాశాడో ఆ పిల్ల చేతే అందరి ముందూ రాఖీ కట్టించడం. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు, అయినా తలెత్తలేకపోయేది. ఈ రెండింటి వెనకా ఉన్న తర్కం ఒక్కటే. ఆడపిల్ల జోలికి ఎవరూ రాకూడదంటే ఆమె ఎవరో ఒకరికి చెల్లెలు కావాలి. చెల్లెలూ కాకుండా, ఆ ‘ఒక్కరూ’ కాకుండా, ఊరికే పక్క వరస బెంచీలో మనిషిగా ఉండే చోటు మాకు దొరకలేదు.

మన వ్యాకరణం దీనికి ఒక చిత్రమైన సాక్ష్యం ఇస్తుంది. ఏకవచనంలో తెలుగు ఆడదాన్ని ఆవుతోనూ బండితోనూ కలిపి కూర్చోబెడుతుంది. పిల్ల వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. వాడు మాత్రం వచ్చాడు. బహువచనంలోకి వెళితేనే మనం మనుషుల్లో చేరతాం. పిల్లలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ‘సహోదరులు’ బహువచనం, కాబట్టి అందులో మేమూ ఉన్నాం. పైగా ఆ మాట లోపల ఉదరం ఉంది, ఒకే కడుపున పుట్టినవాళ్ళని అర్థం. అన్నదమ్ములన్న భావం ఎంత బిగ్గరగా వినిపించినా, ఆ మాట నిలబడింది తల్లి కడుపు మీదే. వరసలో నిలబడినంతసేపూ ఇదంతా బాగానే ఉంటుంది. చిక్కు ఒక్కతే అయినప్పుడు.

తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల సంక్రాంతి సెలవులకి వెళ్ళి, మాఘమాసం దాటినా రాలేదు. పధ్నాలుగేళ్ళు. మేనమామకిచ్చి చేసేశారు. ఆడపిల్లకి పద్ధెనిమిది నిండాలని చట్టం 1978 నుంచీ చెబుతూనే ఉంది. సంతలో కనబడినప్పుడు వాళ్ళమ్మ మా అమ్మతో, “ఏటి సేస్తాం అమ్మా, గుంట ఎదిగిపోనాది. ఆల్లడిగినారు, ఇచ్చేసినాం” అంది. మా హాజరుపట్టీలో ఆడపిల్లల పేర్లు ఎర్రసిరాతో రాసేవారు. కొన్నాళ్ళు గైర్హాజరు గుర్తులు పడ్డాయి, తర్వాత ఎర్రసిరా పేరు మీద ఎర్రసిరా గీత పడింది. దూరం నుంచి చూస్తే కొట్టేసినట్టు కూడా తెలియదు. ఆరో తరగతిలో మేం మూడు బెంచీల నిండా ఉండేవాళ్ళం. పదికి వచ్చేసరికి ఒకటిన్నర బెంచీ.

విజయనగరానికి ఆడపిల్లల పట్టీలు కొత్త కావు. ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకి 1897లో రాసిన పీఠికలో గురజాడ, మహారాజా ఆనందగజపతి తయారుచేయించిన ఒక జాబితా గురించి చెబుతారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో లెక్కకి దొరికిన శుల్క వివాహాలే 1034. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళకి అయిదేళ్ళు. ఆ నాటకంలో వెంకటేశం విజయనగరం వెళ్ళి ఇంగ్లీషు చదువుతాడు, పరీక్ష తప్పి ఇంటికొస్తాడు. చెల్లెలు సుబ్బి పెళ్ళిబేరంలో ఉంటుంది. అక్క బుచ్చమ్మ అప్పటికే వితంతువు. ముగ్గురూ ఒకే కడుపున పుట్టినవాళ్ళు. అక్షరాలా సహోదరులు.

ప్రతిజ్ఞ రాసిన 1962లోనే ఇంగ్లీషు తత్వవేత్త ఆస్టిన్ ఉపన్యాసాలు, ఆయన చనిపోయిన రెండేళ్ళకి, పుస్తకంగా వచ్చాయి. కొన్ని మాటలు సంగతి చెప్పి ఊరుకోవు, పని చేస్తాయి అంటాడాయన. మాటివ్వడం, పందెం కాయడం, పెళ్ళి చేసుకోవడం అలాంటివి. అయితే నటుడు నాటకంలో అన్న మాటకి ఆ బలం ఉండదనీ అంటాడు. మరి పొద్దున్నే ఎండలో నిలబెట్టి చెప్పించేది మాటివ్వడమా, నాటకమా? అది డ్రిల్లు లాంటిది, దాన్ని పట్టుకుని వేలాడితే ఎలా అని మిత్రులొకరు అన్నారు. తేలికైన జవాబు. నేను ఒప్పుకోలేను. ఎందుకంటే పీటల మీద కూర్చోబెట్టిన ఆ పధ్నాలుగేళ్ళ పిల్లకి ఇలాంటి వెసులుబాటు ఎవరూ ఇవ్వలేదు. అక్కడ మంత్రాలు చదివింది పురోహితుడు, మాటలు ఇచ్చిపుచ్చుకున్నది పెద్దలు. తను తలవంచుకు కూర్చుంది, అంతే. పలకని మాటకి ఆమె జీవితమంతా కట్టుబడింది. తనూ, తనతోపాటు మైదానం మొత్తమూ వెయ్యిసార్లు పలికిన మాట మాత్రం డ్రిల్లు అయిపోయింది. అర్థం తెలియకపోవడం ఒకచోట అడ్డంకి కాలేదు, ఇంకోచోట మంచి సాకు అయింది.

మాట అన్న పిల్లల వయసు చూసి వాళ్ళకి మాఫీ ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. కానీ అనిపించినవాళ్ళు పెద్దలు. అప్పు పత్రం మీద సంతకం మాది, జామీను వాళ్ళది. ఇక మాట తీసుకున్నదెవరు? ప్రతిజ్ఞని మనం దేశానికి చేసిన ప్రమాణంగానే వింటాం. ‘సహోదరులు’ అన్నప్పుడు మాత్రం మాట ఇచ్చింది ఎదుటి వరసకీ పక్కనున్న మనిషికీ. ఇచ్చిన మాట తీసుకున్నవాళ్ళకి హక్కుగా మారుతుంది. గుర్తున్నా లేకపోయినా, బడి మానేసినా, ఆ హక్కు ఎక్కడికీ పోదు.

కుటుంబపు మాటతో సమానత్వాన్ని చెప్పడం నాకు పూర్తిగా నచ్చిన విషయం కాదు. సుబ్బికి ధర కట్టింది కుటుంబంలోనే కదా. స్త్రీవాదులుగా మనమూ అక్కచెల్లెళ్ళం అనుకుంటూ బయలుదేరినవాళ్ళమే. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చి దళిత స్త్రీల రచనలని ఒక్కచోట చూపించాక, ఏ ఇంటి అక్కచెల్లెళ్ళం అన్న ప్రశ్నని తప్పించుకోవడం కష్టమైంది. మా బడిలోనూ ప్రతిజ్ఞ అయిన గంటకి నీళ్ళకుండ దగ్గర చెంబు అందరి చేతికీ వచ్చేది కాదు. ఎవరు ముంచాలో, ఎవరు దోసిలి పట్టాలో ఎవరికి వాళ్ళకి తెలుసు. ఇన్ని తెలిసీ ఆ మాటని వదులుకోవాలని నాకు లేదు. ‘స్నేహితులు’ అని రాసి ఉంటే, బడి మానేసిన పిల్లతో స్నేహం అక్కడికి తెగిందనుకునేవాళ్ళం. కడుపు మనం ఎంచుకునేది కాదు. పట్టీలోంచి పేరు పోయినా తోబుట్టువు తోబుట్టువే.

ఇప్పుడు మా వైపు పదో తరగతి బ్యాచ్‌ల సమ్మేళనాలు పెద్ద ఆనవాయితీ అయ్యాయి. ఫ్లెక్సీలు, మాస్టర్లకి శాలువలు, వాట్సాప్ గ్రూపు. మా బ్యాచ్ గ్రూపు నిరుడు మొదలైంది. పేర్ల జాబితా పదో తరగతి గ్రూపు ఫోటో చూసి రాశారు. ఆరో తరగతి హాజరుపట్టీ నుంచి రాద్దామని నేనన్నాను. “వాళ్ళు మన బ్యాచ్ ఎలా అవుతారు మేడమ్?” అని అడిగాడు ఒకతను. అయిదేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం గానీ మాట్లాడుకోలేదు కనుక, నన్ను ఏమని పిలవాలో అతనికి తెలియదు. రెండు రోజులు వాదనలు నడిచాయి. ఫీజు కట్టలేదు కదా అన్నారొకరు, వాళ్ళ భర్తలు ఒప్పుకుంటారా అన్నారింకొకరు. ఈలోగా ఆడవాళ్ళు ఒక్కొక్కరే పేర్లు చేర్చడం మొదలుపెట్టారు. ఒకామె గాజువాకలో ఉంది, ఒకామె హైదరాబాదులో భర్తతో కట్టడం పనుల్లో ఉంది, ఒకామె లేదు. నా పక్క బెంచీ పిల్ల నంబరు వాళ్ళమ్మ దగ్గర దొరికింది. ఇరవై ఏళ్ళు దాటాక ఫోను చేశాను. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. తర్వాత తనే అడిగింది.

“ఆ రోజుకి ఆడోళ్ళందరూ ఒకే రంగు సీర కట్టాలంట గదే. ఏ రంగే?”